పరుపుచుట్టలో మొలకకాయ

రండి, ఆ చాప ఇలా లాక్కుని నా పక్కకి జరిగి కూర్చోండి. నాది పెద్ద గొంతు కాదు, దూరంగా కూర్చుంటే సగం గాలికి పోతుంది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. నేనూ ఈ చింతపండులో పిక్కలు తీసుకుంటూనే చెబుతాను.

మా దొడ్లో కొబ్బరిచెట్లకి ఊళ్ళ పేర్లున్నాయి. దక్షిణం గట్టు మీదది రాజోలు చెట్టు, దాని పక్కది కాట్రేనికోన చెట్టు, పాక వెనకాలది కొత్తపేట చెట్టు. ఇది మా అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. ఏ ఊరు చుట్టపుచూపుగా వెళ్ళినా, అక్కడ బాగా కాసే చెట్టు కనిపిస్తే ఇంటివాళ్ళని అడిగి ఒక విత్తనపు కాయ తెచ్చుకోవాలి. అడిగితే కాదనేవాళ్ళు మా వైపు లేరు. ఉత్త చేతులతో వస్తే, "ఇంతకీ ఆ ఊరు వెళ్ళేవా, దారిలోంచి తిరిగొచ్చేసేవా?" అని అడిగేది ఆవిడ. నూతి పక్కన మాత్రం ఒక గుంట చాలాకాలం ఖాళీగా ఉండేది. నేను చెప్పేది ఆ గుంట సంగతే.

నా చదువు మూడో తరగతితో ఆగింది. మా ఆయన అమలాపురంలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే పని చేసేవారు. మా మామగారు పాలేరు. ఆయన కొడుకు అక్షరాల మధ్య పనిచేస్తున్నాడంటే మా వాళ్ళందరికీ గొప్పే. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దది అమ్మాయి, నాలుగేళ్ళ తర్వాత అబ్బాయి.

అమ్మాయికి ఏడో ఏడు. ఒక రోజు ఊరి బడిలో దాహమేసి, పక్కన పెద్దవాళ్ళెవరూ లేకపోతే, తనే కుండలో గ్లాసు ముంచుకుని తాగింది. అక్కడి పంతులుగారు ఆ కుండ పగలగొట్టించి, మర్నాడు కొత్త కుండ తెస్తేనే బడికి రమ్మన్నారు. పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు. "అమ్మా, మనింట్లో కొత్త కుండ ఉందా?" అని అడిగింది, అంతే.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. చెయ్యి కడిగేసుకుని లేచి, అరుగు మీద చేత్తో తట్టి, "రేపట్నించి బడి ఇక్కడే" అన్నారు. "హైస్కూలుకి మాత్రం పంపుతాను. ఏ బడిలోనూ ఐదు చదవని పిల్లలకి అమలాపురం బాలికల హైస్కూల్లో ఏడాదికొకసారి పరీక్ష పెడతారు. అది రాసి, తన మార్కులతో తనే వెళ్ళి బల్ల మీద కూర్చోవాలి. ఎవరి దయా వద్దు."

అలా మా అరుగే బడి అయింది. ప్రెస్సులో తప్పులు దిద్దేసి పారేసే ప్రూఫు కాగితాలు తెచ్చి, దారంతో కుట్టి పుస్తకాలు చేసేవారు. కాగితానికి ఒక వైపు ఎవరివో పెళ్ళి శుభలేఖలు, ఎరువుల కరపత్రాలు, రెండో వైపు మా పిల్లల పాఠాలు. ఆయన నియమం ఒక్కటే. రోజూ సాయంత్రం ఆ రోజు చూసింది రాయాలి. చూసింది చూసినట్టు రాయాలి, చూడనిది రాయకూడదు. అమ్మాయి రాసినదాన్ని ఆయన చదివి అచ్చుతప్పులు దిద్దినట్టు ఎర్రసిరాతో దిద్దేవారు. నేను పక్కన కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప వచ్చేవి కావు.

వీధిలోవాళ్ళు ఊరుకుంటారా? ఎదురింటి పెద్దమ్మగారు గేదెని తోలుకెళుతూ ఆగి, "ఏమండీ, ప్రెస్సులో అక్షరాలు కూర్చినట్టు పిల్లల బుర్రలో చదువు కూడా కూర్చేస్తారేంటండీ?" అనేది.

"ఆయ్. తప్పులొస్తే దిద్దుకుంటామండి" అనేవారు ఈయన.

అమ్మాయికి పదేళ్ళొచ్చాయి. వేసవి సెలవులు దాటగానే పరీక్ష. అప్పుడే మా పెద్దాడపడుచు భర్త ఉత్తరం రాశారు. ఆయన చాలా ఏళ్ళుగా సిలోనులో, అదే శ్రీలంకలో, ఒక కొబ్బరినూనె మిల్లులో మెకానిక్కు. మా నలుగురికీ టిక్కెట్లు పంపి, పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు.

"పరీక్ష పెట్టుకుని సముద్రం దాటడమేంటండీ? అయ్యాక వెళ్దాం" అన్నాను.

"పుస్తకంలో సముద్రం బెత్తెడుంటుంది. ఓడెక్కితే కదా ఎంతో తెలిసేది" అన్నారు. "ఇరవై రోజుల బడి అనుకో. తిరిగొచ్చేసరికి పరీక్షకి ఇంకా ఒక రోజు మిగులుతుంది."

ఒక్కటంటే ఒక్క రోజు. వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే.

వెళ్ళాం. టీకా కాగితాలు, పాసుపోర్టులు ఒక సంచిలో పెట్టి దాన్ని మెడకి తగిలించుకున్నారు ఈయన. మద్రాసు వెళ్ళి, అక్కణ్ణించి రామేశ్వరం బండెక్కి, ఓడలో సముద్రం దాటి, అవతల మళ్ళీ బండి. దారంతా పాఠమే. ఓడ గట్టు వదిలిన దగ్గర్నించి అవతలి గట్టు కనబడేదాకా ఎంతసేపు పట్టిందో అమ్మాయి నాన్నగారి గడియారం చూసి రాసింది. ఆరేళ్ళ మావాడు వాంతులెన్ని అయ్యాయో లెక్కపెట్టాడు, తనవీ, పక్కవాళ్ళవీ.

అక్కడ రోజుకో చోటికి తిప్పారు పిల్లల్ని. పాత కోటగోడలు అడుగులేసి కొలిపించారు. మ్యూజియంలో తిమింగలం ఎముకల కింద నిలబెట్టి పక్కటెముకలు లెక్కపెట్టించారు. కల్లుగీసేవాళ్ళు చెట్టుకీ చెట్టుకీ మధ్య తాళ్ళు కట్టి, నేల దిగకుండా పైపైనే నడిచిపోతున్నారు. "మనవాళ్ళు ఎక్కి దిగుతారు. వీళ్ళు ఎక్కి నడుస్తారు" అని రాసింది అమ్మాయి. దాంట్లో ఎర్రసిరా పడలేదు.

నేను మాత్రం వదిన పెరట్లోంచి కదిలితే ఒట్టు. అక్కడొక చెట్టు ఉంది. కాయలు బంగారు రంగు. మన గంగాబొండాం తియ్యదనం వేరు, దీని తియ్యదనం వేరు. చెట్టు కింద ఒక కాయకి వేలెడు మొలక కూడా వచ్చింది. దాన్ని చూసిన దగ్గర్నించీ నూతి పక్క గుంట నా కళ్ళలోనే ఉంది.

బయల్దేరే ముందు సాయంత్రం మా ఆయన వరండాలో అందర్నీ కూర్చోబెట్టి, అధికారులకివ్వాల్సిన కాగితం తెలుగులో చెబుతూ చదివారు. మొక్కలు, విత్తనాలు, మట్టి సముద్రం దాటించకూడదట.

"అందరికీ అర్థమైందా?" అన్నారు పంతులుగారిలాగే.

"ఆయ్" అన్నారు పిల్లలు.

"ఆయ్" అన్నాను నేను కూడా.

మర్నాడు తెల్లారుతుండగా ఆ మొలకకాయ తీసి, ఈయన పాత పంచెలో చుట్టి, పరుపుచుట్ట మధ్యలోకి తోసేశాను. వదిన గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, తమ్ముడికి తెలిస్తే ఊరుకోడే" అంది.

"కాయ లేకుండా వెళితే మీ అమ్మగారు ఊరుకుంటారా వదినా?" అన్నాను.

నవ్వుకున్నాం ఇద్దరం. పిల్లలు నిద్రలోనే ఉన్నారనుకున్నాను.

రామేశ్వరంలో ఓడ దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రేకుల షెడ్డు, వేడికి నెత్తి మాడిపోతోంది. లోపల బల్లలు, బల్లల మీద జనం సామాన్లు. షెడ్డుకి అవతల మద్రాసు బండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఇంజను ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ బండి అందితే మర్నాడు మద్రాసు, ఆ మర్నాడు ఇల్లు, ఆ తర్వాత సోమవారం పరీక్ష. ఆ బండి తప్పితే మళ్ళీ మర్నాటి సాయంత్రమే.

మా ముందు ఒక కుటుంబం. వాళ్ళ పెట్టె బోర్లించేశారు. ఊరగాయ జాడీలో కూడా గరిటె పెట్టి తిప్పి చూశారు. పరుపుచుట్ట నేల మీద పెట్టి దాని మీద కూర్చున్నాను.

"అమ్మా, అందరూ నిలబడ్డారు కదా, నువ్వు పరుపు దిగవేంటి?" అన్నాడు మావాడు.

"కాళ్ళు లాగుతున్నాయిరా."

"ఇందాక ఓడలో కూర్చునే ఉన్నావు కదా?"

అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. అప్పుడు చూశాను దాని మొహం. నా వంక చూడటం లేదు. పాఠాల పుస్తకాన్ని గుండెలకి అదుముకుని నిలబడింది.

మా వంతొచ్చింది. తెల్లబట్టల అధికారి, నడివయసు మనిషి. మా మాటలు విని, "తెలుగువాళ్ళా? మా ఇంట్లోనూ తెలుగే. మదురై పక్కం" అన్నాడు. ఆ తెలుగు వినడానికి పాటలా ఉంది కానీ ఆ చెయ్యి మాత్రం ఆగలేదు. పెట్టె చూశాడు, సంచులు చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"లేవండమ్మా."

లేచాను. పరుపు బల్లమీద పెట్టి తాళ్ళు విప్పాడు. ఒక మడత తీశాడు, ఇంకో మడత తీశాడు. పంచె మూట దొర్లి బల్ల అంచుకొచ్చి ఆగింది. విప్పితే బంగారు రంగు కాయ, దాని నెత్తిన పచ్చటి మొలక. మొలక కొస విరిగింది.

మా ఆయన కాయని చూశారు. తన పంచెని చూశారు. నా వైపు తిరగలేదు.

"ఇది ఎవరు పెట్టినారు?" అన్నాడు అధికారి.

"నేనేనండి" అన్నారు మా ఆయన.

నాకు తెలిసినన్నాళ్ళలో ఆ మనిషి నోట అబద్ధం వినలేదు. అధికారి పక్కనున్న కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. "విత్తనం లేదు, మొక్క లేదు అని ఇక్కడ సంతకం చేసినారే. ఇది మీ సంతకమే కదా? తెలిసే రాసినారా?"

"తెలిసేనండి."

"అట్లయితే కేసు రాయవలె. పాసుపోర్టు ఉంచుకోవలె."

అవతల ఇంజను పెద్దగా ఊపిరి విడిచింది. మావాడు ఏడుపు మొదలెట్టాడు. అధికారి చూపు అమ్మాయి చేతిలోని పుస్తకం మీద పడింది. తీసుకుని తిప్పాడు. అచ్చు కాగితాల మీద పెళ్ళి బొమ్మలు చూసి అనుమానపడ్డాడు. "ఇది ఏమి? శుభలేఖలా?"

"మా పాఠాల పుస్తకమండి" అంది అమ్మాయి. "ఇంట్లోనే చదువుకుంటామండి. రోజూ చూసింది రాస్తాం."

"ఈ రోజు రాసినావా?"

"ఓడలో రాసేనండి."

ఆయన చివరి కాగితం తీసి చూసి, "తెలుగు మాటలాడతాను, చదివేదానికి రాదు. నువ్వే చదువు" అని పుస్తకం దాని చేతిలో పెట్టాడు.

"పిల్ల రాతలండి. అందులో ఏమీ లేదు" అన్నారు మా ఆయన గబగబా. అది రెండో అబద్ధం.

అమ్మాయి నాన్నగారి మొహం చూసింది. ఆయన కళ్ళతోనే వద్దంటున్నారు. మూడేళ్ళుగా చూసింది చూసినట్టు రాయమని ఎర్రసిరాతో దిద్దిన మనిషి, ఇప్పుడు వద్దంటున్నారు. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు తెలుసు. కుండ ఉందా అని అడిగిన రోజున కూడా అలాగే చూసింది.

చదివితే నేను దొంగని. చదవకపోతే తండ్రి దొంగ, పైగా దాని పుస్తకం అబద్ధం.

"చదువమ్మా" అన్నాను. "రాసింది రాసినట్టు చదువు."

చదివింది. ప్రార్థనలో వాక్యం చదివినట్టే చదివింది. "ఈ రోజు తెల్లవారుజామున అమ్మ అత్తయ్యగారి దొడ్లో మొలక వచ్చిన కాయ తీసి, నాన్నగారి పంచెలో చుట్టి పరుపులో పెట్టింది..." ఇంకా ఏదో చదివింది. నా చెవుల్లో హోరు, ఆ తర్వాతది నాకు వినపడలేదు.

"నేనే పెట్టేనండి" అన్నాను. "ఆయనకి తెలీదు. మా ఊళ్ళో ఎక్కడికెళ్ళినా కాయ తెచ్చుకుంటామండి. దొంగతనమనుకోలేదు. కానీ తేకూడదని తెలుసు. తెలిసే తెచ్చేను."

అధికారి కాయని చేత్తో తిప్పి చూశాడు. "మీ ఊళ్ళో కొబ్బరి చాలా ఉందా అమ్మా?"

"మాకు అన్నం పెట్టేదే అదండి."

"ఈ కాయలో తెగులు ఒకటి కూర్చుని ఉంటే, ఆ చెట్లు అన్నీ ఏమయ్యేది?"

మా రాజోలు చెట్టు, కొత్తపేట చెట్టు, ఊరంతా, కాలవ పొడుగునా ఉన్న చెట్లన్నీ మొవ్వులు వేలాడేసినట్టు కళ్ళ ముందు కనపడ్డాయి.

ఆయన కేసు రాయలేదు. నేను చెప్పింది కాగితం మీద రాసుకుని నా చేత సంతకం పెట్టించాడు. నా పేరు ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు రాశాను, చెమటకి కలం జారిపోయింది. కాయని నాలుగు చెక్కలు చేసి, బయట నూనె పీపాలో మండుతున్న మంటలో వేశారు. పాసుపోర్టులు తిరిగివ్వాలంటే పైఅధికారి సంతకం కావాలి. ఆయన ఓడ మీద ఉన్నారు. మా ఆయన షెడ్డు చివరికి వెళ్ళి ఓడని చూస్తారు, వెనక్కొచ్చి బండిని చూస్తారు. అమ్మాయి గడియారం చూస్తోంది.

పైఅధికారి మెట్లు దిగి వస్తుండగా బండి కూత వేసింది. ఆయన కలం తీసేసరికి రైలు పెట్టెలు ఒక్కొక్కటీ షెడ్డు కిటికీ ముందునుంచి కదిలిపోతున్నాయి.

"బండి ఆపేది నా చేతిలో లేదమ్మా" అన్నాడు మదురై తెలుగాయన. నిజంగానే బాధపడ్డాడు.

మా ఆయన అమ్మాయి నెత్తి మీద చెయ్యేసి, "బాగా చదివేవు" అన్నారు. నాతో ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు, మర్నాడు అనలేదు. తిడితే బాగుండుననిపించింది. మద్రాసు స్టేషన్లో బల్ల మీద కూర్చున్నప్పుడు అన్నారు, "నువ్వు కాయ దాచేవు. నేను పిల్లల ఎదురుగా రెండుసార్లు అబద్ధమాడేను. నీకంటే నాకే ఎక్కువ సిగ్గుగా ఉంది."

సోమవారం పొద్దెక్కాక రాజమండ్రిలో దిగాం. సామాను, పిల్లల్ని వేసుకుని బస్సు స్టాండుకి పరుగు. బస్సు రావులపాలెంలో ఆగింది, కొత్తపేటలో ఆగింది, చెయ్యెత్తినవాళ్ళందరికీ ఆగింది. అమ్మాయి ఒళ్ళో పలకంత పుస్తకం పెట్టుకుని ఎక్కాలు అప్పగించుకుంటోంది. పదింటికి పరీక్ష మొదలు. పది దాటేసరికి ఎక్కాలు ఆపేసి కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చుంది.

స్కూలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి పదకొండున్నర. హెడ్మిస్ట్రెస్సు గారు గదిలోంచి బయటికొచ్చారు.

"అరగంట దాటితే లోపలికి పంపకూడదండి. ఇంత ఆలస్యమేంటి?"

"బండి తప్పిపోయిందండి" అన్నారు మా ఆయన.

"తప్పడానికి కారణం నేనండి" అన్నాను. దుమ్ము మొహంతో, పిల్లాడి చెయ్యి పట్టుకుని, మొదట్నించీ అంతా చెప్పాను. ఈసారి పిల్ల నోటితో చెప్పించలేదు.

ఆవిడ అడ్డుతగలకుండా విన్నారు. చివర్న, "మీరు నిజం చెప్పేరని గంట వెనక్కి తిప్పలేను కదమ్మా. వచ్చే ఏడు తీసుకురండి" అన్నారు. అమ్మాయి ఆవిడకి నమస్కారం పెట్టి వెనక్కి తిరిగింది. గేటు దాటాక ఏడ్చింది. కుండ పగిలిన రోజున ఏడవని పిల్ల, ఆ రోజు రోడ్డు మీద కూర్చుని ఏడ్చింది.

ఒక ఏడాది. నా చేతులారా పారేసిన ఏడాది అది. ఎదురింటి పెద్దమ్మగారికి తెలియకుండా ఉంటుందా? "ఓడెక్కి చదివొచ్చేరుగా, ఇంకా బడెందుకండీ?" అంది. ఈసారి మా ఆయన తల వంచుకుని ప్రూఫు కాగితాలు కుట్టుకున్నారు.

ఒక సాయంత్రం అమ్మాయి, "నాన్నగారూ, నా పాఠాలన్నీ అయిపోయేయి కదా, ఈ ఏడంతా ఏం చదవాలి?" అంది.

"నువ్వు చదివింది చాలు. ఇంక చెప్పు. మీ అమ్మకి చెప్పు" అన్నారు ఆయన.

అలా ఆ ఏడాది మా అరుగు బడిలో నేను కూర్చున్నాను. నా పంతులమ్మకి పదేళ్ళు. తప్పు చదివితే "మళ్ళీ" అనేది. ఓపిక తండ్రిదే. వానాకాలం వెళ్ళేసరికి గుణింతాలు దాటాను, చలికాలానికి వాక్యాలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ సిలోను పుస్తకం తీసి, చివరి కాగితం తిప్పి, వేలు పెట్టుకుని చదివాను. షెడ్డులో నాకు వినపడకుండా పోయింది అక్కడుంది. "...పరుపులో పెట్టింది. మొలక వేలెడు ఉంది. మా నూతి పక్క గుంటలో వేస్తుంది. దానికి రోజూ నేను నీళ్ళు పోస్తాను."

ఆ కాగితం కింద ఎర్రసిరా లేదు.

మరుసటి ఏడు పరీక్షకి మేం రెండు రోజుల ముందే అమలాపురం వెళ్ళి, ప్రెస్సు వెనక గదిలో బస చేశాం. సీటు వచ్చింది. మొదటి రోజు బడి వదిలాక నేను గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మాయి ఓణీ చెంగులో ఏదో బరువుగా మోసుకొస్తోంది.

"నీళ్ళు తాగేవా అక్కడ?" అన్నాను. నా నోట ముందొచ్చిన మాట అదే.

"తాగేనమ్మా. గ్లాసు నేనే ముంచుకున్నాను."

చెంగు విప్పి చూపించింది. బడి ఆవరణలో చెట్టు కింద రాలిన కాయ. వాచ్‌మన్ తాతగారిని అడిగిందట. హెడ్మిస్ట్రెస్సు గారిని కూడా అడిగిందట. ఇద్దరూ తీసుకోమన్నారట. "ఇద్దర్నీ ఎందుకే?" అంటే, "ఎందుకైనా మంచిదని" అంది నన్ను చూసి నవ్వి.

నూతి పక్క గుంటలో ఉన్నది ఆ చెట్టే. మా ఇంట్లో ఊరి పేరు లేని చెట్టు అదొక్కటే, బడిచెట్టు అంటాం. మీరు ఇందాక తాగిన నీళ్ళు దాని కాయవే.

చింతపండు అయిపోయింది, పొద్దు కూడా వాలుతోంది, ఇంక ఇంటికి వెళ్ళండి. మీ పిల్లలు చూసింది చూసినట్టు చెప్పాలి, అది వినే గుండె మీకుండాలి. మీ ఇంటి కుండలో ఎవరు గ్లాసు ముంచినా నీళ్ళు తియ్యగానే ఉండాలి. మీరు ఎక్కాల్సిన బండి ఏదైనా సరే, మీరొచ్చేదాకా స్టేషన్లోనే ఉండాలి. మీ దొడ్లో ఏ గుంటా ఖాళీగా ఉండకూడదు, చల్లగా ఉండండి.